ఎఱ్ఱదీపము సాక్ష్యము



నేఁటి ప్రసంగవిషయము ఒక ప్రాఁతకారులో విద్యుత్తు చెడిన వృత్తాంతము. దర్శి పరిసరములలోని పాఠశాలలందు ముప్పదియైదు సంవత్సరములు తెలుగు చెప్పుకొని విశ్రాంతి గైకొన్న పండితునకు మోటారుకార్లతో నేమి పని యని మీలో కొందఱికి తోఁచవచ్చును. నాకును మొదట నట్లే తోఁచినది. నేను చిన్ననాఁట చదివినవి కావ్యములు, వ్యాకరణము, వానితోడు కొంత తర్కము. ఇంజనును విప్పి చూచినవాఁడను గాను. అయినను, చదివిన తర్కమును సరిగా వాడుకొనలేక ఒక నిరపరాధిపై దోషము మోపితిని. పిదప అదే తర్కము నాశ్రయించి ఆ దోష మెక్కడ నున్నదో కనుగొంటిని. ఈ రెండును దాఁచక చెప్పెదను.

కారు మా మేనమామగారిది. 1966వ సంవత్సరమున చెన్నపట్టణమున కొన్నారు. పేరు స్టాండర్డు హెరాల్డు. మీలో అఱువదేండ్లు దాఁటినవారికి దాని రూపము జ్ఞప్తియందుండును. రెండే తలుపులు, వెనుక చిన్న రెక్కలు, ఎత్తైన గాజుటద్దములు. దీనిని మొదట 1959లో ఇంగ్లండునందు తీసికొనివచ్చిరి. రూపము కల్పించినవాఁడు మికెలొట్టి యను ఇటలీ దేశస్థుఁడు. మన దేశములో 1961 మొదలు 1971 వఱకు చెన్నపట్టణము చెంతనున్న కర్మాగారములో తయారైనది. ఈ కారు అడుగుచట్రమునే కొంత కుఱుచచేసి 1962లో ఇంగ్లండువారు స్పిట్‌ఫైర్ అను ఇద్దఱు కూర్చుండు పరుగుకారును నిర్మించిరి. నేఁడు ప్రాఁతకార్లపై మోజుగలవారు లోకమంతట దానిని కొని, తుడిచి, ముద్దుచేసి పెట్టుకొనుచున్నారు. కావున మా కారు ఆ పరుగుకారునకు పల్లెటూరి యన్నగారని మా మనుమఁడు చెప్పుకొని మురియును. దీని ముందరి మూఁత తక్కిన కార్లవలె తలుపుగా తెఱచుకొనదు. ఎద్దు ముట్టె నేలకు వంచి మెడ చాఁచినట్లు ముందరి భాగమంతయు ముందుకు వాలిపోవును. ఇంజను పూర్తిగా బయటపడును. మరమ్మతు చేయువాఁడు చక్రముమీఁద కూర్చుండి పని చేయవచ్చును. నావంటి వానికి ఆ సౌకర్యము లేకున్నచో ఈ కథయే లేదు.

మామగారి పిదప కారు నాయొద్దకు వచ్చెను. దానిని నెలకు రెండుమూఁడు పర్యాయములు ఒంగోలు వఱకో, పొదిలి వఱకో త్రిప్పుచుంటిని. నాలుగేండ్ల క్రిందట ఉగాదికి ముందు ఇంజను చుట్టునున్న రేకులకు త్రుప్పు పట్టినదని గోకించి, మీఁగడరంగు వేయించితిని. రంగువేయువాఁడు అక్కడ బిగించియున్న చిన్న సామాను లన్నియు విప్పి ఒక పళ్లెములో పెట్టి నాకిచ్చిపోయెను. రంగు ఆఱిన తరువాత వానిని మఱల బిగించినవాఁడను నేనే. ఈ మాట జ్ఞప్తియం దుంచుకొనుఁడు. నాకు మాత్రము ఎనిమిది నెలలు జ్ఞప్తికి రాలేదు.

వేసఁగి గడచెను. వానలు వచ్చిన తరువాత, శ్రావణమాసములో, కారులో ఎఱ్ఱదీపము అప్పుడప్పుడు వెలుఁగుట మొదలుపెట్టినది. ఎఱ్ఱదీపమనఁగా వేగము చూపు గడియారములోని చిన్న బల్బు. తాళము త్రిప్పఁగానే వెలుఁగును. ఇంజను కదలిన తరువాత ఆఱిపోవలెను. వెలుఁగుచున్నచో డైనమో పనిచేయుట లేదని గుఱుతు. అందఱును ఇట్లే చెప్పుదురు, నేనును అట్లే నమ్మితిని. బాటరి బలహీనమై సెల్ఫు తిరుగుట మానినది. మా బస్టాండు దగ్గఱ ఒక రేకుల కొట్టులో బోరుమోటార్లకు వైండింగు కట్టు యువకుఁ డొకఁడు కలఁడు. నా ప్రాఁత శిష్యుని కుమారుఁడు. అతనిచేత డైనమో విప్పించితిని. లోపలి ఫీల్డు కాయిలు మాడి నల్లబడియున్నది. అతఁడు క్రొత్త తీగ చుట్టి బిగించెను. దీప మాఱినది. డబ్బిచ్చితిని. సంతోషించితిని.

కార్తికమాసములో నా భార్యకు ఒంగోలులో కంటిశుక్లము తీసిరి. మఱునాఁడు కంటికి కట్టుతో నున్న మనిషిని బస్సులో తీసికొనిరానొల్లక కారులో బయలుదేఱితిని. చీఁకటిపడినది. సగము దారిలో ఎఱ్ఱదీపము వెలిఁగినది. అదియు మునుపటివలె మందముగా గాక, కుంకుమబొట్టువలె గాఢముగా వెలిఁగినది. నేను వేగము పెంచితిని, అది మఱింత మెఱసినది. ఒక్కసారిగా ఆఱిపోయినది. "పోనిమ్ము, పీడ వదలినది" అని మా యావిడతో నంటిని. పది నిమిషములలో ముందరి దీపములు పసుపుపచ్చబడి, పిమ్మట నిప్పుకణములై, ఇంజను రెండుమాఱులు దగ్గి నిలిచిపోయెను. ఊరింక ఆఱేడు మైళ్లున్నది. ఇరువైపుల మిరపతోఁటలు. కట్టు కట్టిన కన్ను పట్టుకొని ఆమె ఒక్కమాటయు ననలేదు. ఆ మౌనమే నాకు దుర్భరమయ్యెను. గుంటూరునకు పత్తి దింపి వచ్చుచున్న లారీవాఁడొకఁడు దయతలఁచి మమ్ము నెక్కించుకొని యింటికి చేర్చెను.

మఱునాఁడు డైనమో విప్పఁగా కాయిలు మఱల మాడియున్నది. రెండు నెలల క్రిందట చుట్టిన కాయిలు! నేను ఆ యువకుని కొట్టునకు పోయి, తీగ నాసిరకము వేసి మోసగించితివని కేకలు వేసితిని. అతఁడు నిదానముగా, "అయ్యవారూ, కాయిలు తనంతట తాను మాడదండీ. దానిమీద వోల్టేజీ ఎక్కువ పడుతోంది. ఇంతకీ బండికి రంగు ఎప్పుడు వేయించారు?" అని అడిగెను. నాకు కోపము రెట్టించినది. డైనమోకును రంగునకును ఏమి సంబంధము? బోడిగుండునకు మోకాలికి ముడిపెట్టుచున్నాఁడని తలఁచి, అతని మాట పూర్తిగా వినకయే వచ్చితిని. వచ్చినవాఁడను ఊరకుండక, కాఫీహోటలు అరుగుమీఁద నలుగురు పెద్దమనుష్యు లుండఁగా జరిగినదంతయు నా పక్షముననే చెప్పితిని. అయ్యవారి మాటకు ఊరిలో విలువ యుండును. ఆ వారములో ఇద్దఱు రైతులు తమ బోరుమోటార్లను అతని యొద్దనుండి తీసికొని వేఱుచోట కట్టించుకొనిరని తరువాత తెలిసినది. అతఁడు నా డబ్బు నాకు మనిషిచేత పంపివేసెను.

పిదప వేఱొక పట్టణములో పెద్ద కొట్టున డైనమోయే మార్పించితిని, క్రొత్తబాటరియు కొంటిని. పదునైదు దినములు బాగుగా నడచెను. పదునాఱవ దినమున ఎఱ్ఱదీపము వెలిఁగినది. ఇప్పుడు దూషించుటకు ఆ యువకుఁడు లేఁడు, అతఁడు చుట్టిన తీగ లేదు. అప్పుడు నేను కూర్చుండి ఆలోచింపవలసి వచ్చినది.

మామగారు కారు సొరుగులో భద్రపఱచిన చిన్న పుస్తక మొకటి యుండెను. దానిని పాఠము చదివినట్లు చదివితిని. అందలి సంగతి నాకు అర్థమైనంతవఱకు చెప్పెదను. పెద్దలు మీరు కపిల తోలిన దినములు మఱచియుండరు. ఎద్దులు వెనుకకు ముందుకు నడచును, బాన నీరు తోడును, నీరు తొట్టిలో పడి అందుండి మళ్లకు పాఱును. కారులో ఎద్దుల స్థానమున ఇంజను, బాన స్థానమున డైనమో, తొట్టి స్థానమున బాటరి. దీపములు, హారను, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు కాయిలు, ఇవి మళ్లు. రాత్రివేళ పెద్దదీపములు రెండును నిప్పురవ్వ కాయిలును కలిసి పదిపండ్రెండు ఆంపియర్ల వఱకు త్రాగుచుండును. డైనమో నిండుగా నడిచినచో 22 ఆంపియర్లు తోడఁగలదు. తోడుట మానినచో తొట్టి ఒట్టిపోవుటకు ఎంతసేపు పట్టును? ఆ రాత్రి నాకు కనఁబడినది అదియే.

అయస్కాంతము చెంత తీగచుట్ట కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో లండనునందు కనుగొన్న ఫారడే పుస్తకములకు అట్టలు కట్టు వృత్తి నేర్చినవాఁడు. కట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివి పండితుఁడైనవాఁడు. ఆ విద్యుత్తు ఎంత పాఱునో పీడనమును బట్టియు, అడ్డును బట్టియు లెక్క కట్టవచ్చునని 1827లో చెప్పిన ఓమ్ అను నతఁడు జర్మనీలో కొలోన్ పట్టణపు బడిపంతులు. ఆయన మాటను స్వదేశీయులు వెంటనే మన్నింపలేదు. 1841లో లండనులోని రాయల్ సొసైటీవారు పతకమిచ్చిరి. బడిపంతుళ్లకు మన్నన ఆలస్యముగానే లభించునని నేనన్నచో స్వపక్షమని మీరు నవ్వుదురు.

ఇఁక డైనమోకును బాటరికిని నడుమ ఒక చిన్న నల్లని పెట్టె యుండును. మన మెకానిక్కులు దాని నంతటిని కటౌటు అందురు. నిజమునకు దానిలో ఇద్దఱు సేవకులు కలరు. ఒకఁడు తూము కాచువాఁడు. డైనమో పీడనము బాటరి పీడనమును మించి సుమారు 13 వోల్టులు చేరినప్పుడే తలుపు తెఱచును, తగ్గఁగానే మూయును. వాఁడే లేకున్నచో ఇంజను ఆఁగినప్పుడు బాటరిలోని విద్యుత్తు తిరిగి డైనమోలోనికే పాఱి వ్యర్థమగును. రెండవవాఁడు అదుపుచేయువాఁడు. డైనమో మితిమీఱి ఉబికినప్పుడు దాని ఫీల్డు కాయిలునకు పోవు విద్యుత్తునకు అడ్డుపడి పీడనము తగ్గించును, తగ్గఁగానే అడ్డు తొలఁగును. క్షణమున కనేక పర్యాయము లిట్లు చేయుచుండును. ఇద్దఱును సన్నని తీగచుట్టల బలముచేతనే పని చేయుదురు. ఆ చుట్టల చివరలు రెండును పెట్టెలో ఒకే చీలకు చేరును. ఆ చీలపై ఇ అను ఇంగ్లీషు అక్షర ముండును. అచ్చటనుండి ఒక నల్లతీగ కారు రేకునకు, అనఁగా మెకానిక్కులు ఎర్తు అని చెప్పుదానికి, బిగింపఁబడియుండును. నేఁటి కార్లలో డైనమోలు లేవు. వాని స్థానమున ఆల్టర్నేటరు లున్నవి, అదుపు వానిలోనే యుండును. కాని ఆ కాలపు ఇంగ్లీషు పరుగుకార్లు, స్పిట్‌ఫైర్ కాని, ఎం.జి. కాని, ఇట్టి పెట్టెతోనే తిరిగినవి. వాని యజమానులు నేఁటికిని నావలెనే మూఁత యెత్తి తల గోకికొనుచుందురు.

ఎఱ్ఱదీపము సంగతి ఇంకను చెప్పవలసియున్నది. నేను పొరపడినది అక్కడనే. ఆ బల్బునకు రెండు కొనలు. ఒకటి తాళముగుండ బాటరిని తాఁకును, రెండవది డైనమోను తాఁకును. రెండు చెఱువుల నడుమ సన్నని గొట్టమున్నదనుకొనుఁడు. ఒక చెఱువు మట్టము రెండవదానికంటె ఎక్కువైనచో గొట్టములో నీరు కదలును, సమమైనచో కదలదు. ఇంజను నిలిచియుండఁగా బాటరి మట్టము పై, డైనమో మట్టము సున్న. దీపము వెలుఁగును. రెండును సమమైనప్పుడు ఆఱును. డైనమో మట్టమే బాటరిని మించి, నడుమనున్న తూము తెఱచుకొనకున్నచో? అప్పుడును గొట్టములో నీరు కదలును, అయితే ఎదురుదిక్కున. అప్పుడును దీపము వెలుఁగును! దీపము చెప్పునది మట్టములలో భేదమున్నదని మాత్రమే. ఎవరిది తక్కువయో, ఎవరిది ఎక్కువయో అది చెప్పదు.

అన్నంభట్టు మన యాంధ్రుఁడు. అతని తర్కసంగ్రహమును పదునాఱేండ్ల వయస్సున గురువుగారి యెదుట వల్లించినవాఁడను. సాధ్యమున్న చోటను, లేని చోటను గూడ కనఁబడు హేతువు హేతువు కాదు, దానికి సవ్యభిచారమని పేరని విద్యార్థులకు చెప్పినవాఁడను. పొగనుబట్టి నిప్పును ఊహింపవచ్చును గాని, నిప్పునుబట్టి పొగను ఊహింపరాదు, కాలిన ఇనుపగుండునందు నిప్పున్నను పొగ యుండదు గదా. అట్టివాఁడను, దీపము వెలుఁగుచున్నది కావున డైనమో తోడుట లేదని నిశ్చయించితిని! డైనమో తోడకున్నను వెలుఁగును, మితిమీఱి తోడుచున్నను వెలుఁగును. పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిని.

ఆ సాయంకాలము మనుమనిచేత ఇంజను నడిపించి, నేను దీపమునే చూచుచుంటిని. తాళము త్రిప్పఁగా వెలిఁగినది. ఇంజను మెల్లఁగా తిరుగునప్పుడు వెలుఁగుచునే యున్నది. కొంచెము వేగము పెంచఁగా ఆఱినది. ఇంకను పెంచఁగా మఱల, మెల్లమెల్లగా, మందముగా వెలిఁగి, వేగముతోపాటు పెరిగినది. డైనమో నిజముగా చచ్చినదైనచో నడుమ ఆఱుటయే యుండదు. నడుమ ఆఱినదనఁగా ఆ క్షణమున మట్టములు సమమైనవి. తరువాత వెలిఁగినదనఁగా డైనమో బాటరిని దాఁటిపోయినది. ఒంగోలు దారిలో దీపము గాఢముగా మెఱసి ఒక్కసారిగా ఆఱిన కారణమును అప్పుడే తెలిసినది. పీడ వదలుట గాదు, బల్బు మాడిపోవుట. అంతకుముందు రెండుమాఱులు ఆ బల్బు మాడఁగా, చిన్న వస్తువని విచారింపక క్రొత్తది పెట్టించితిని. సాక్షి గొంతు రెండుమాఱులు నొక్కి, మూఁడవమాఱు మాట వినలేదని నిందించితిని.

అనుమానమును ప్రత్యక్షముచేత రూఢిపఱచుకొనవలెను గదా. ఒంగోలునుండి ఒక వోల్టుమీటరు తెప్పించితిని. ముందుగా తేలికైనవి. బెల్టు నడుమ బొటనవ్రేలితో నొక్కఁగా అరయంగుళము లోఁగినది, సరియే. బాటరిలోని ద్రావకమును తూఁచు గాజుగొట్టము పెట్టి చూచితిని. నిండుబాటరియందు ద్రావకము నీటికంటె నాలుగవవంతు బరువుండును, ఒట్టిపోయినచో పదవవంతు మాత్రమే. నాది ఒట్టిపోయినదానికి చేరువగా నున్నది. కాని ఆఱు గదులును సమముగానే యున్నవి. అనఁగా బాటరి చెడలేదు, ఆఁకలిగొన్నది.

తరువాత డైనమోను విచారించితిని. దానికి రెండు చీలలు. పెద్దది విద్యుత్తు బయటికి వచ్చునది, చిన్నది ఫీల్డు కాయిలుది. ఆ రెంటి తీగలను ఊడఁదీసి, చీలలు రెంటిని చిన్న తీగతో కలిపి, మీటరు ఒక కొన వానికి, రెండవ కొన ఇంజను ఇనుమునకు తగిలించి, ఇంజనును మెల్లఁగా నడిపింపవలెను. ముల్లు అసలు కదలకున్నచో బ్రష్షులు చెడినవి. ఒక్క వోల్టుకడ నిలిచిపోయినచో ఫీల్డు కాయిలు, అయిదింటికడ నిలిచినచో ఆర్మేచరు చెడినవని పుస్తకము చెప్పినది. మనుమఁడు కాలు మోపెను. ముల్లు అయిదు, పది, పదునైదు, ఇరువది! "చాలు, చాలు" అని అరచితిని. అదుపు లేని డైనమోను ఇరువదికి మించి పోనీయరాదు. డైనమో నిర్దోషి.

తీగలు యథాస్థానమున పెట్టి పెట్టెయొద్దకు పోయితిని. బాటరివైపు చీలయందు 12 వోల్టులు. వేగము పెంచినను 12 మాత్రమే. డైనమోవైపు చీలయందు 13, 15, 18, ఇంకను ఎక్కుచునే యున్నది. తూము కాచువాఁడు తలుపు తెఱచుట లేదు. అదుపుచేయువాఁడు అదుపు చేయుట లేదు. అదుపులేని ఆ పీడనమే కాయిలును మాడ్చినది. "దానిమీద వోల్టేజీ ఎక్కువ పడుతోంది" అని ఆ యువకుఁ డన్నమాట అప్పుడు నా చెవిలో మ్రోఁగినది.

పెట్టె చెడినదని క్రొత్తది తెప్పింపఁబోయితిని. మఱల తర్కము అడ్డుపడినది. ఇద్దఱు సేవకులు వేర్వేఱు పనులు చేయువారు. ఇద్దఱును ఒకేసారి జబ్బుపడుట ఎట్లు? రెండు కారణములు కల్పించుట గౌరవదోషము, ఒక కారణముతో సరిపడినచో లాఘవము. ఇద్దఱికిని ఉమ్మడిగా నున్నదేది? ఇంతకుముందే చెప్పితిని, ఇ అను చీల. మీటరు ఒక కొన ఆ చీలకును, రెండవ కొన ఎర్తు అయిన బాటరికొనకును తగిలించితిని. ఆ రెండును ఇనుముతో కలిసియున్నవే కావున అక్కడ సున్న చూపవలెను. ఇంజను తిరుగుచుండఁగా ముల్లు 17 వోల్టులకు పోయి నిలిచినది. పాపము, ఆ సేవకు లిరువురికి కాలూనుటకు నేల లేదు!

నల్లతీగ వెంట వ్రేలు పోనిచ్చితిని. అది పెట్టెప్రక్క రేకునకు ఒక మరతో బిగింపఁబడియున్నది. మర విప్పితిని. తీగ చివరి ఇత్తడి ఉంగరము క్రింద దట్టముగా, నునుపుగా, మీఁగడరంగు!

ఆ మర బిగించినది నేను. ఉగాదికి ముందు, రంగు ఇంకను పూర్తిగా ఆఱకమునుపే, పళ్లెములోనివి ఒక్కొక్కటియే తీసి, పని తెలిసినవానివలె బిగించినది నేను. రంగునకు విద్యుత్తు పాఱదు. కొంతకాలము మరచుట్టు ఇనుపనరములగుండ ఎట్లో తాఁకుచు గడపినది. వానలకు త్రుప్పు పట్టి ఆ త్రోవయు మూసికొనిపోయినది. రోడ్డు అదురునకు ఒకప్పుడు తగులును, ఒకప్పుడు తగులదు. అందుచేతనే కొట్టునొద్ద బాగుగా నుండి దారిలో చెడుచుండెను. డైనమో మార్చినప్పుడెల్ల చేతులు తగిలి ఆ తీగ కొంచెము కదలి, పదునైదు దినములు బాగైనట్లుండెను.

చాకుతో రంగు గోకి, ఉప్పుకాగితముతో రుద్ది, రేకు తెల్లగా మెఱయునట్లు చేసి, ఉంగరమును గట్టిగా బిగించి, త్రుప్పు పట్టకుండ పైన కొంచెము వాజలీను పూసితిని. ఖర్చు ఏమియు లేదు. ఇంజను కదలించితిని. దీపమాఱినది, ఎంత వేగము పెంచినను మఱల వెలుఁగలేదు. బాటరికడ ముల్లు పండ్రెండు దాఁటి పదునాలుగు పైచిలుకు చేరి నిలిచినది. ఇ చీలకడ సున్న. మనుమఁడు చప్పట్లు కొట్టెను. నాకు మాత్రము సంతోషము కలుగలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఉదయముననే ఆ యువకుని కొట్టునకు పోయితిని. ఒక బోరుమోటారు ఒడిలో పెట్టుకొని తీగ చుట్టుచున్నాఁడు. నన్ను చూచి లేచి నిలువఁబడెను. ఆ పిల్లవాఁడు లేచుట నాకు మఱింత కష్టమయ్యెను. ఏమి చెప్పవలెనో ఇంటికడ వల్లించుకొని పోయిన వాక్యములన్నియు మఱచితిని. "నాయనా, ఎర్తు తీగ..." అని మాత్రము అంటిని.

"రంగు కిందే ఉందా, అయ్యవారూ?" అనెను.

"రంగు క్రిందనే. బిగించినది నేనే."

అతఁడు కొంచెము సేపు ఊరకుండి, "పాత బళ్లు రంగేసి తెచ్చినప్పుడు రెండు మూడు చూశానండీ. అందుకే అడిగాను" అనెను. నేను వినలేదని అనలేదు.

అచ్చటనుండి కాఫీహోటలునకు పోయితిని. మునుపున్న నలుగురిలో ముగ్గురు కలరు. అదే అరుగుమీఁద, అదే కంఠముతో, జరిగినది చెప్పితిని. ఒకరు నవ్విరి, ఒకరు వార్తాపత్రికలో తల దూర్చుకొనిరి. తప్పు ఒప్పుకొనువాని మాట, తప్పు మోపువాని మాటవలె వేగముగా పాఱదు. మోటార్లు తీసికొనిపోయిన రైతు లిద్దఱి యిండ్లకును నేనే పోయి చెప్పితిని. ఒకరు మఱల అతని యొద్దకే వచ్చుచున్నారు. రెండవవారు రాలేదు.

మాడిన ప్రాఁత డైనమో గోనెసంచిలో మా వసారాలో పడియుండెను. దానిని అతనికిచ్చి, మునుపు తిరిగి పంపిన డబ్బుతోపాటు ఈ పర్యాయపు కూలియు తీసికొమ్మని బ్రతిమాలితిని. మొదటి కాయిలు డబ్బు తీసికొనెను. రెండవదానికి రాగితీగ ఖరీదు మాత్రము పుచ్చుకొనెను. ఇప్పుడు కారులో తిరుగుచున్నది అతఁడు చుట్టిన ఆ డైనమోయే. వోల్టుమీటరు నాయొద్ద ఊరక పడియుండుట యెందులకని అతని కొట్టులో పెట్టితిని. ఎవరైన ప్రాఁతబండి తెచ్చినప్పుడు ముందుగా ఎర్తుకడ ముల్లు చూచుచున్నాఁడు. నేను అటుగా పోవునపుడు, "ఇవాళ సున్నే అయ్యవారూ" అని లోపలినుండి కేక వేయుచుండును.